బిగ్‌క్వెరీలో ఉన్న మిర్చి రేట్లు వర్డ్‌ప్రెస్ బ్లాగులోకి, కోడ్ రాయకుండా ఎలా?

కొరిటెపాడు కుర్రాడు (గుంటూరు), ఫిబ్రవరి 9, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. మాది మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. మా కొట్టుకు వచ్చిన సరుకు రేట్లు మూడేళ్లుగా రోజూ సాయంత్రం ఒక బ్లాగులో పెడుతున్నాను. తేజ, బాడిగ, 334, 341, నెంబర్ 5, తాలు, ఇలా ఒక్కో రకానికి కనిష్ఠం, గరిష్ఠం, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్ముడయ్యాయి అని ఒక పట్టిక. ప్రత్తిపాడు, పెదనందిపాడు, చిలకలూరిపేట వైపు రైతులు చూస్తారు. ఇంటికెళ్లి లాప్‌టాప్ తీసి ఇదంతా టైపు చేయడానికి గంట పడుతోంది. సీజన్‌లో యార్డు నుంచి బయటపడేసరికే చీకటి పడుతుంది. పొద్దుటి నుంచి కాయ పట్టుకున్న చేతులతో కళ్లు కూడా తుడుచుకోలేం, కీబోర్డు ముట్టుకోబుద్ధి కాదు.

లెక్కలు ఎక్కడున్నాయో చెబుతాను. కాటా అవగానే మా గుమాస్తా లాటు వివరాలు గూగుల్ షీట్‌లో ఎక్కిస్తాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా బాబాయి కొడుకు మొన్న సంక్రాంతికి వచ్చి, పాత సీజన్ల లెక్కలన్నీ బిగ్‌క్వెరీలో (గూగుల్ వాళ్ల డేటా వేర్‌హౌస్, అంటే లెక్కల గోదాము లాంటిది) పెట్టి, ఈ షీట్‌ని కూడా దానికి తగిలించి వెళ్లాడు. బ్లాగు మా సొంత డొమైన్ మీద వర్డ్‌ప్రెస్.

నాకు కోడ్ రాదు. బిగ్‌క్వెరీ నుంచి రోజు పట్టిక దానంతటదే బ్లాగులోకి రావాలి. ఇలా ఒకచోటి సమాచారం ఇంకోచోటికి పంపే టూల్స్ జాపియర్, మేక్, ఎన్8ఎన్ అని మూడు పేర్లు విన్నాను. ఎవరైనా చేసినవాళ్లుంటే దారి చెప్పండి.

కృష్ణలంక (విజయవాడ), ఫిబ్రవరి 9, ఉదయం 8:34

లెక్కలు షీట్‌లోనే ఉన్నాయి కదండీ. షీట్ నుంచి వర్డ్‌ప్రెస్‌కి నేరుగా పంపే టూల్స్ బోలెడు. మధ్యలో డేటా వేర్‌హౌస్ ఎందుకు?

కొరిటెపాడు కుర్రాడు, ఫిబ్రవరి 9, ఉదయం 9:02

నేనూ మొదట అలాగే అనుకున్నానండి. కానీ రైతు అడిగేది ఈ రోజు రేటు ఒక్కటే కాదు. "కిందటేడు ఇదే వారం ఎంత పలికింది? యార్డుకు సరుకు రాబడి పెరుగుతోందా, తగ్గుతోందా?" అని అడుగుతారు. కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా, ఇప్పుడే తెగనమ్మాలా అన్నది దాన్నిబట్టే తేల్చుకుంటారు. ఆ పోలికకు పాత లాట్లన్నీ ఒకచోట ఉండాలి. గూగుల్ షీట్‌లో కోటి గడుల దాకా పెట్టుకోవచ్చంటారు గానీ, అందులో పదో వంతు నిండకముందే మా షీట్ గుమాస్తా ఫోన్‌లో తెరుచుకోవడం మానేసింది. అందుకే ఈ సీజన్ వరకే షీట్‌లో ఉంచాం.

బెజవాడ డేటా (విజయవాడ), ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 1:20

తమ్ముడూ, టూల్ సంగతి తర్వాత. ముందు ఈ ఒక్కటి ఇవాళే చూసుకో. ఆ ప్రాజెక్టుకు బిల్లింగ్ ఖాతా తగిలించారా, లేక కార్డు ఇవ్వకుండా శాండ్‌బాక్స్ అనే ఉచిత పద్ధతిలో పెట్టారా? శాండ్‌బాక్స్‌లో టేబుళ్లకు 60 రోజులే ఆయుష్షు, తర్వాత వాటంతటవే పోతాయి. సంక్రాంతికి పెట్టారంటే మార్చి మధ్యకల్లా మీ పాత సీజన్ల లెక్కలు ఉండవు. టేబుల్‌ను తేదీవారీగా పార్టిషన్ చేసి, అంటే ముక్కలుగా విడదీసి ఉంటే మరీ ప్రమాదం. గడువు ఆ పార్టిషన్ తేదీ నుంచే లెక్కకొస్తుంది కాబట్టి పాత సంవత్సరాల వరుసలు ఎక్కించగానే మాయమవుతాయి. శాండ్‌బాక్స్‌లో షెడ్యూల్డ్ క్వెరీ (చెప్పిన టైముకు దానంతటదే నడిచే ప్రశ్న) కూడా పెట్టుకోలేం. మీ తమ్ముడికి ఫోన్ చేసి బిల్లింగ్ ఆన్ చేయించు, ఇప్పటికే ఉన్న టేబుళ్లకు పడిన గడువు కూడా తీసేయమను.

బిల్లింగ్ అనగానే భయపడొద్దు. బిగ్‌క్వెరీలో నెలకు 1 టీబీ దాకా చదవడం ఉచితం, 10 జీబీ నిల్వ ఉచితం. ఎంత చిన్న టేబుల్ చదివినా కనీసం 10 ఎంబీ అని లెక్క వేస్తారు. నీ క్వెరీ మూడు టేబుళ్లు చూస్తుందనుకుందాం, రోజుకు 30 ఎంబీ, నెలకు 900 ఎంబీ. 1 టీబీ ఎక్కడ, ఇదెక్కడ. డబ్బు పోయేది వేరేచోట. లిమిట్ 10 అని రాస్తే పది వరుసలే చదువుతుందనుకుంటారు చాలామంది. మామూలు టేబుల్‌లో అది అడిగిన కాలమ్‌లన్నీ మొత్తం చదివాకే పది చూపిస్తుంది, లెక్క మొత్తానికీ పడుతుంది. కాబట్టి అవసరమైన కాలమ్‌లే అడగాలి, తేదీ మీద పార్టిషన్ ఉండాలి. క్వెరీ సెట్టింగుల్లో గరిష్ఠ బైట్ల పరిమితి అని ఒక గడి ఉంటుంది. అక్కడ ఒక అంకె పెడితే, అది దాటే క్వెరీ నడవకుండానే ఆగిపోతుంది.

ఇక అసలు పని. ఆటోమేషన్ టూల్‌కు వంద లాట్లు ఇచ్చి పట్టిక చేయమనకు. ఆ పని వేర్‌హౌస్‌కి వదిలేయ్. క్వెరీలోనే రకాలవారీగా కూడి, స్ట్రింగ్ యాగ్ అనే ఫంక్షన్‌తో పట్టిక వరుసలన్నీ ఒకే దండగా గుచ్చేయొచ్చు. చివరికి రోజుకు ఒక్కటే వరుస రావాలి, అందులో శీర్షిక, లింకు పేరు, పట్టికతో సహా మొత్తం పోస్టు. టూల్ చేయాల్సింది దాన్ని తీసుకెళ్లి అక్కడ పెట్టడమే. ఆ క్వెరీ నేను రాసిస్తాను, నువ్వు అతికించుకుంటే చాలు.

ఇంకొకటి. బిగ్‌క్వెరీలో "ఈ రోజు" అంటే యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ప్రకారం ఈ రోజు. మనకు అర్ధరాత్రి దాటాక ఉదయం 5:30 దాకా దానికి ఇంకా నిన్నే. తేదీ అడిగే చోట ఏసియా/కోల్‌కతా అని టైమ్‌జోన్ రాసి తీరాలి.

సత్యనారాయణపురం (విజయవాడ), ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 2:05

మా ఆఫీసులో స్నోఫ్లేక్ అనే ఇంకో వేర్‌హౌస్. ఇక్కడ చదివేవాళ్లలో అది వాడేవాళ్లుంటే ఒక జాగ్రత్త చెబుతాను. అక్కడ బిల్లు కంప్యూట్ నడిచిన సెకన్లకు పడుతుంది, నిద్ర లేపిన ప్రతిసారీ కనీసం 60 సెకన్లు. "కొత్త వరుస వచ్చిందా?" అని 15 నిమిషాలకొకసారి చూసి రమ్మని ఆటోమేషన్‌కు చెప్పామనుకోండి, రోజుకు 96 సార్లు లేపుతుంది. ఏమీ రాకపోయినా కనీసం 96 నిమిషాల బిల్లు. రోజుకొక పోస్టు చాలినవాళ్లు రోజుకొకసారి వెళ్లి అడిగితే సరిపోతుంది.

ఆటోనగర్ (విజయవాడ), ఫిబ్రవరి 9, సాయంత్రం 4:48

నాకు జరిగింది చెబుతాను, మీకు జరగకూడదు. మాది స్పేర్ పార్టుల షాపు. కొత్త స్టాకు రాగానే బ్లాగులో పోస్టు పడేలా, వేర్‌హౌస్‌లో "కొత్త వరుస" ట్రిగ్గర్ పెట్టాను. వరుసను గుర్తుపట్టడానికి ఒక ఐడీ కాలమ్ చూపించమంది. నేను వరుస సంఖ్య చూపించాను. నాలుగు నెలలు బాగానే నడిచింది. ఒక రాత్రి స్టాకు టేబుల్ మొత్తం తీసేసి కొత్తగా ఎక్కించాను. వరుస సంఖ్యలన్నీ మారాయి. టూల్‌కు అన్నీ కొత్తవే అయ్యాయి. తెల్లారి లేచి చూస్తే 212 పోస్టులు, అన్నీ నేరుగా పబ్లిష్. ఈమెయిల్ చందాదారులకు ఒక్కొక్కరికి 212 మెయిళ్లు వెళ్లాయి. పదేళ్లుగా మా దగ్గర కొనే ఒక మెకానిక్ ఫోన్ చేసి, నా నంబరు తీసేయండి అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

తప్పు ఐడీ ఎంచుకోవడంలో ఉంది. వరుస సంఖ్య, ఎక్కించిన సమయం లాంటివి తాళంగా పనికిరావు. వస్తువుకు సహజంగా ఉండే గుర్తు కావాలి. మీకైతే తేదీనే తాళం, ఒక తేదీకి ఒకే పోస్టు.

బ్రాడీపేట 4/14 (గుంటూరు), ఫిబ్రవరి 9, రాత్రి 9:15

వర్డ్‌ప్రెస్ వైపు నేను చెబుతాను. పదకొండేళ్లుగా సైట్లు చేస్తున్నాను.

మీ సొంత అడ్మిన్ పాస్‌వర్డ్ ఏ టూల్‌కూ ఇవ్వకండి. వర్డ్‌ప్రెస్ 5.6 నుంచి, అంటే 2020 డిసెంబరు నుంచి, అప్లికేషన్ పాస్‌వర్డ్ అనే సదుపాయం ఉంది. ప్రొఫైల్ పేజీలో అడుగున కనబడుతుంది. 24 అక్షరాలు, ఒక్కసారే చూపిస్తుంది, అప్పుడే కాపీ చేసుకోవాలి. సైట్‌కు హెచ్‌టీటీపీఎస్ ఉండాలి. ఎప్పుడైనా అనుమానం వస్తే ఆ ఒక్క పాస్‌వర్డ్ రద్దు చేస్తే చాలు, మీ లాగిన్‌కు ఏమీ కాదు. కొన్ని సెక్యూరిటీ ప్లగిన్లు దీన్ని ఆపేసి ఉంచుతాయి. ప్రొఫైల్‌లో కనబడకపోతే ముందు అక్కడ చూడండి.

ఆటోమేషన్ కోసం విడిగా ఒక యూజర్‌ని చేసి, దానికి కంట్రిబ్యూటర్ పాత్ర ఇవ్వండి. నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే. కంట్రిబ్యూటర్ డ్రాఫ్ట్ రాయగలడు గానీ పబ్లిష్ చేయలేడు. ఆటోనగర్ గారికి జరిగినట్టు ట్రిగ్గర్ తప్పినా 212 డ్రాఫ్టులు పడతాయి, బయటికి ఒక్కటీ వెళ్లదు. ఫోటోలు ఎక్కించే హక్కు కూడా కంట్రిబ్యూటర్‌కు లేదు, పట్టికకు దాంతో పనిలేదు. మీరు ఫోన్‌లో వర్డ్‌ప్రెస్ యాప్ తెరిచి, చూసి, పబ్లిష్ నొక్కుకోండి.

లింకు పేరు, అదే స్లగ్, తెలుగులో పెట్టొద్దు. ఒక్కో తెలుగు అక్షరం లోపల తొమ్మిది గుర్తులుగా మారుతుంది, ఒత్తులూ గుణింతాలూ కూడా వేరే లెక్క. స్లగ్‌కు చోటు 200 గుర్తులే కాబట్టి 22 అయ్యాక తెగిపోతుంది. తేదీ అంకెలతో ఇంగ్లీషులో పెట్టుకోండి. అదే స్లగ్‌తో రెండో పోస్టు పబ్లిష్ చేస్తే వర్డ్‌ప్రెస్ ఆపదు, చివర -2 తగిలించి ఊరుకుంటుంది. స్లగ్ ఉంది కదా అని రెండోసారి పడదనుకోకండి.

కృష్ణలంక, ఫిబ్రవరి 9, రాత్రి 9:40

చివరికి మళ్లీ మనిషే నొక్కాలంటే ఆటోమేషన్ ఎందుకు మేడం? పూర్తిగా దానికే వదిలేస్తేనే కదా సుఖం.

పెదనందిపాడు అమ్మాయి, ఫిబ్రవరి 9, రాత్రి 10:52

నేను ఇక్కడ రాయను, చదువుతాను అంతే. ఈ మాట చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

రెండేళ్ల కిందట మా నాన్న ఒక వెబ్‌సైటులో రేటు చూశారు. పేరు వద్దు. మాది 334. దాని ఎదురుగా మంచి రేటు కనబడింది. నాన్నకు కళ్లు ఆనవు, నాతో మూడుసార్లు చదివించుకున్నారు. ఆ రాత్రే బండి మాట్లాడి 62 టిక్కీలు ఎక్కించారు. తాళ్లు బిగిస్తుంటే టార్చిలైటు నేనే పట్టుకున్నాను. తెల్లవారి యార్డులో దించాక తెలిసింది, ఆ వెబ్‌సైటు పట్టికలో వరుసలు జరిగిపోయాయి, నాన్న చూసింది తేజ రేటు. మనిషి ఎవరూ చూసుకోకుండా పడిన పోస్టు అది. వెనక్కి తెచ్చుకోవాలంటే మళ్లీ కిరాయి. కోల్డ్ స్టోరేజీలో పెడదామంటే కోత కూలీలకు ఆ వారమే ఇవ్వాలి. వచ్చిన రేటుకే తెగనమ్మి వచ్చారు. ఇంటికొచ్చి నాతో ఏమీ అనలేదు. నేను చదివి వినిపించిన రేటు కదా, అందుకే ఇప్పటికీ మర్చిపోలేను.

కొరిటెపాడు అన్నా, మీరు రోజూ పెట్టే బ్లాగు మేం చూస్తాం. పబ్లిష్ మీరే నొక్కండి, దయచేసి. ఇంకో రెండు మాటలు. గరిష్ఠ రేటు ఒక్కటే శీర్షికలో పెట్టకండి. అది ఏ ఒక్క లాటుకో పడి ఉంటుంది, ఊళ్లో అందరూ అదే తమ రేటు అనుకుంటారు. ఏసీ (కోల్డ్ స్టోరేజీ) సరుకు, కళ్లం నుంచి వచ్చిన సరుకు కలిపి చూపించినా మాకు అర్థం కాదు.

కొరిటెపాడు కుర్రాడు, ఫిబ్రవరి 9, రాత్రి 11:30

చెల్లెమ్మా, పబ్లిష్ నేనే నొక్కుతాను. నాన్నగారికి నా నమస్కారం చెప్పు. శీర్షికలో రేటు తీసేస్తున్నాను, తేదీ మాత్రమే ఉంటుంది. పట్టిక పైన "మా కొట్టుకు వచ్చిన సరుకు మాత్రమే" అని, ఎన్ని లాట్ల మీద వేసిన లెక్కో కూడా రాస్తాను.

కృష్ణలంక గారూ, గంట పని రెండు నిమిషాలకు వస్తే నాకు అదే సుఖం.

కృష్ణలంక, ఫిబ్రవరి 10, ఉదయం 6:55

రాత్రి ఆ అమ్మాయి రాసింది చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బెజవాడ డేటా, ఫిబ్రవరి 10, ఉదయం 7:40

అమ్మా, మీ నాన్నగారికి జరిగింది చదివాక నిన్న నేను చెప్పిన పద్ధతిలోనే ఆ తప్పు ఎలా దూరుతుందో చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

స్ట్రింగ్ యాగ్ ఖాళీ విలువను వదిలేస్తుంది. రకాల పేర్లు ఒక దండగా, రేట్లు ఇంకో దండగా విడివిడిగా గుచ్చి పక్కపక్కన పెట్టారనుకోండి. ఆ రోజు బాడిగ అమ్మకం లేదు, రేటు గడి ఖాళీ. పేర్ల దండలో బాడిగ ఉంటుంది, రేట్ల దండలో ఉండదు. దాంతో కింది రేట్లన్నీ ఒక మెట్టు పైకి జరుగుతాయి, ఒక రకం రేటు ఇంకో రకం ఎదురుగా కూర్చుంటుంది. ఎర్రర్ ఏమీ రాదు, పట్టిక చక్కగా కనబడుతుంది. ఆ వెబ్‌సైటులో సరిగ్గా ఇదే జరిగిందని నేను చెప్పలేను గానీ, వరుసలు జరిగిపోవడానికి ఇదొక దారి.

కాబట్టి ఒక రకం పేరు, దాని రేట్లు, టిక్కీలు ముందు ఒకే వరుసగా కలపాలి, ఆ తర్వాతే గుచ్చాలి. అక్కడా ఒక చిక్కుంది. కలిపేటప్పుడు ఒక్క గడి ఖాళీ ఉన్నా మొత్తం వరుస ఖాళీ అయిపోతుంది, ఆ రకమే పట్టికలోంచి చప్పుడు లేకుండా తప్పుకుంటుంది. అందుకని ఖాళీ ఉన్నచోట "అమ్మకం లేదు" అని నింపాలి. నీకు రాసిచ్చే క్వెరీలో రెండూ చూసుకున్నాను, తమ్ముడూ.

రకం పేర్లు కూడా ఒకసారి చూశావా? నువ్వు పంపిన నమూనా షీట్‌లో తేజ, తేజా, చివర ఖాళీ ఉన్న తేజ, తేజ ఏసీ అని నాలుగున్నాయి. మనకు మొదటి మూడూ ఒకటే, వేర్‌హౌస్‌కు నాలుగూ వేరు. పేర్ల జాబితా ఒక చిన్న టేబుల్‌లో పెట్టి, గుమాస్తా ఏం రాసినా ఏ రకం కిందికి రావాలో అక్కడ చెప్పేద్దాం. జాబితాలో లేని పేరు వస్తే ఆ రోజు పోస్టు తయారు కాకూడదు. రేటు పక్కన "/-" అని రాసినా అది అంకె కాదు, అక్షరాలు. షీట్‌లో ఆ కాలమ్‌కు అంకెలు మాత్రమే పడేలా డేటా వాలిడేషన్ పెట్టించు.

కొరిటెపాడు కుర్రాడు, ఫిబ్రవరి 10, ఉదయం 9:10

అన్నా, గుమాస్తా మామయ్య పాతకాలం మనిషి, ముప్పై ఏళ్లుగా "/-" రాస్తున్నారు. నేను పక్కన కూర్చుని చూపిస్తాను.

టూల్ ఏది తీసుకోమంటారు?

ఆటోనగర్, ఫిబ్రవరి 10, ఉదయం 10:26

మూడూ వాడాను. లెక్క వేసే పద్ధతిలోనే తేడా అంతా. జాపియర్‌లో పూర్తయిన ప్రతి యాక్షన్ ఒక టాస్కు, ఉచితంగా నెలకు 100, అయితే ఉచిత ప్లాన్‌లో రెండే మెట్లు. మేక్‌లో ప్రతి మాడ్యూల్ (ఒక్కో మెట్టు) నడిచిన ప్రతిసారీ లెక్క, ఉచితంగా నెలకు 1,000. వాటిని ఇదివరకు ఆపరేషన్లు అనేవాళ్లు, ఇప్పుడు క్రెడిట్లు అంటున్నారు. తెరమీద బొమ్మలా గీసుకోవచ్చు, మొదటిసారి చేసేవాళ్లకు అదే తేలిక. ఎన్8ఎన్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకుంటే ఎన్నిసార్లు నడిపినా లెక్క లేదు, కానీ ఆ సర్వర్ బాగోగులు మనమే చూసుకోవాలి. మీ వేర్‌హౌస్ రోజుకు ఒక్క వరుసే ఇస్తుంది కాబట్టి ఈ లెక్కల పరంగా మీకు ఏదైనా సరిపోతుంది. సర్వర్ చూసుకునే మనిషి ఉంటే ఎన్8ఎన్, లేకపోతే మేక్.

కొరిటెపాడు కుర్రాడు, ఫిబ్రవరి 11, రాత్రి 8:20

తమ్ముడు హైదరాబాదు నుంచే బిల్లింగ్ ఆన్ చేసి, టేబుళ్ల గడువు తీసేశాడు. బెజవాడ అన్న చెప్పకపోతే మార్చిలో అన్నీ పోయేవి, శాండ్‌బాక్స్‌లోనే ఉన్నాయి. చిన్న సర్వర్ తీసుకుని ఎన్8ఎన్ కూడా వాడే పెట్టాడు. కానీ క్వెరీ నడిపితే డ్రైవ్ అనుమతి లేదని ఎర్రర్ వస్తోంది.

బెజవాడ డేటా, ఫిబ్రవరి 11, రాత్రి 8:45

షీట్‌కు తగిలించిన టేబుల్ చదవాలంటే బిగ్‌క్వెరీ హక్కు ఒక్కటే చాలదు, గూగుల్ డ్రైవ్‌లో ఆ షీట్ చూసే హక్కూ కావాలి. ఆటోమేషన్‌కు షీట్ చూపించనే వద్దు. సాయంత్రం 6:15కి ఒక షెడ్యూల్డ్ క్వెరీ మీ తమ్ముడి ఖాతాతో నడిచి, షీట్‌ని చదివి, తయారైన ఒక్క వరుసను మామూలు టేబుల్‌లో పెడుతుంది. అక్కడ షెడ్యూల్ యూటీసీ ప్రకారం నడుస్తుంది, అంటే 12:45. ఎన్8ఎన్ 6:30కి వచ్చి ఆ మామూలు టేబుల్‌నే చదువుతుంది. గుమాస్తా షీట్‌లో "పూర్తి" గడి టిక్ చేస్తేనే ఆ వరుస తయారవుతుంది, లేకపోతే సగం లెక్కలు బయటికి వెళ్తాయి.

"పంపిన తేదీలు" అని ఇంకో చిన్న టేబుల్ పెట్టు. డ్రాఫ్ట్ పడగానే ఆ తేదీ అందులో చేరుతుంది. అందులో ఉన్న తేదీ మళ్లీ రాదు. ఎన్8ఎన్‌కు రాసే హక్కు ఆ ఒక్క టేబుల్ మీదే ఇవ్వు.

కొరిటెపాడు కుర్రాడు, ఫిబ్రవరి 13, రాత్రి 7:50

నిన్న గురువారం కనెక్షన్లన్నీ అయ్యాయి, చేత్తో నడిపితే డ్రాఫ్ట్ వచ్చింది, దాన్ని తీసేశాను. షెడ్యూల్ సాయంత్రం 6:30 అని పెట్టాను. ఈ రోజు రాలేదు. నడిచినవాటి జాబితాలో ఉదయం 5:00కి నడిచినట్టు, సక్సెస్ అని ఉంది. ఫలితం మాత్రం ఖాళీ.

బెజవాడ డేటా, ఫిబ్రవరి 13, రాత్రి 8:02

సొంత సర్వర్‌లో పెట్టిన ఎన్8ఎన్‌కు టైమ్‌జోన్ చెప్పకపోతే న్యూయార్క్ టైము తీసుకుంటుంది. అక్కడ సాయంత్రం 6:30 అంటే ఇప్పుడు మనకు ఉదయం 5:00. ఆ వేళకు ఈ రోజు లాట్లు ఇంకా కాటాకే రాలేదు, అందుకే ఖాళీ. వర్క్‌ఫ్లో సెట్టింగుల్లో ఏసియా/కోల్‌కతా పెట్టు. నేను క్వెరీ గురించి చెప్పి ఇది చెప్పడం మర్చిపోయాను.

కొరిటెపాడు కుర్రాడు, ఫిబ్రవరి 17, రాత్రి 8:15

శని, ఆదివారాలు యార్డు సెలవు. నిన్న సోమవారం సాయంత్రం 6:31కి ఫోన్ మోగింది, డ్రాఫ్ట్ తయారు. యార్డు గేటు దగ్గర నిలబడే చూశాను. రకాలన్నీ వరుసగా, పక్కన కిందటేడు ఇదే వారం రేటు. పట్టీలతో (అమ్మకం చీటీలతో) పోల్చి చూసి నొక్కాను, నాలుగు నిమిషాలు.

ఈ రోజు డ్రాఫ్ట్ రాలేదు, దానికి బదులు నాకు టెలిగ్రామ్‌లో మెసేజ్ వచ్చింది: "341 కనిష్ఠం నిన్నటికి చాలా దూరంగా ఉంది." ముందురోజు రేటుకు మరీ తేడా ఉంటే ఆపమని తమ్ముడు ఒక షరతు పెట్టాడు. చూస్తే ఒక లాటుకు ఒక సున్నా తక్కువ పడింది. మామయ్య దిద్దారు, మళ్లీ నడిపాం. చేత్తో టైపు చేసిన రోజుల్లో ఇలాంటివి ఎన్ని పోయాయో అని భయమేసింది. పాత పోస్టులు కూడా ఒకసారి వేర్‌హౌస్‌తో సరిచూస్తాను.

కొరిటెపాడు కుర్రాడు, ఫిబ్రవరి 19, సాయంత్రం 7:05

అన్నా, ఈ రోజు మళ్లీ ఆగింది. గూగుల్ లాగిన్ చెల్లదంటోంది. మేం ఏమీ మార్చలేదు. చందాదారులు ఫోన్లు చేస్తున్నారు, టెన్షన్‌గా ఉంది.

బెజవాడ డేటా, ఫిబ్రవరి 19, రాత్రి 7:20

కనెక్షన్ చేసింది పోయిన గురువారం కదా, సరిగ్గా ఏడు రోజులు. గూగుల్ క్లౌడ్‌లో ఆ లాగిన్ కోసం చేసిన యాప్ "టెస్టింగ్" స్థితిలో ఉంటే దాని అనుమతి ఏడు రోజులకే ముగుస్తుంది. ఇప్పటికి మళ్లీ లాగిన్ అయి ఈ రోజు పోస్టు పంపేయ్. రేపు సర్వీస్ అకౌంట్‌కు (మనిషికి కాకుండా ప్రోగ్రాముకు ఇచ్చే ఖాతా) మారండి, దానికి ఈ గడువు లేదు. హక్కులు తక్కువే ఇవ్వండి, చదవడానికి డేటా వ్యూయర్, క్వెరీ నడపడానికి జాబ్ యూజర్, పంపిన తేదీల టేబుల్ మీద మాత్రం డేటా ఎడిటర్. అది ఇచ్చే కీ ఫైల్ ఇంటి తాళం లాంటిది, వాట్సాప్‌లో పంపుకోవద్దు.

బ్రాడీపేట 4/14, ఫిబ్రవరి 19, రాత్రి 7:48

వర్క్‌ఫ్లో ఆగిపోతే మీకు మెసేజ్ వచ్చేలా ఎన్8ఎన్‌లో ఎర్రర్ వర్క్‌ఫ్లో కూడా పెట్టుకోండి. ఈ రోజు ఆగిన సంగతి పాఠకులు ఫోన్ చేస్తే తెలిసింది, ముందు మీకు తెలియాలి.

కొరిటెపాడు కుర్రాడు, ఫిబ్రవరి 24, రాత్రి 8:40

సర్వీస్ అకౌంట్‌కు మారాం, ఎర్రర్ మెసేజ్ పెట్టాం. నిన్న, ఇవాళ అన్నీ టైముకు వచ్చాయి. ఇవాళ్టి నుంచి పోస్టులో రెండు పట్టికలు, కళ్లం సరుకు ఒకటి, ఏసీ సరుకు ఒకటి. పెదనందిపాడు చెల్లెమ్మా, నాన్నగారికి చూపించి అక్షరాలు ఆనుతున్నాయో లేదో చెప్పు. చిన్నగా ఉంటే పెంచుతాను.

పెదనందిపాడు అమ్మాయి, ఫిబ్రవరి 24, రాత్రి 9:33

చూశారన్నా. అంకెలు ఆయనే చదువుకున్నారు, రకం పేర్లు ఇంకొంచెం పెద్దవిగా ఉంటే బాగుండు అన్నారు. మా కాయ ఇంకా కళ్లంలోనే ఉంది, అడుగు పొర ఆరలేదు. నాలుగు రోజులాగి కడతామంటున్నారు.

కొరిటెపాడు కుర్రాడు, ఫిబ్రవరి 24, రాత్రి 9:41

రేపటి పోస్టుకు పేర్లు పెంచుతాను.